కరజ్యాలె జీవితమంతా గవర్నమెంటు గుమాస్తాగానే బతికాడా?

మీరు అడిగింది ఇది: "గ్రూప్-2లో సెలెక్టయి రెండేళ్ళయింది. కథలు రాసే అలవాటుంది. ఆఫీసు పని నా రాతను మింగేస్తోంది. రొమేనియా రచయిత కరజ్యాలె జీవితమంతా గుమాస్తాగిరీ చేస్తూనే అంత గొప్ప నాటకాలు రాశాడని ఒక మిత్రుడు చెప్పాడు. నిజమేనా? ఉద్యోగం ఆయనకు సాయపడిందా, అడ్డుపడిందా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ మిత్రుడు చెప్పింది సగమే నిజం. యోన్ లూకా కరజ్యాలె ప్రభుత్వ ఉద్యోగాలు చేశాడు గానీ, ఒక్క కుర్చీలో పట్టుమని నాలుగేళ్ళు కూర్చున్నది లేదు. ఎక్కడం, దిగడం, దింపబడడం. మధ్యలో పత్రికలు, బడిపంతులు పని, బీరు హోటళ్ళు కూడా నడిపాడు. ఉద్యోగం ఆయనకు తీరికనూ ఇవ్వలేదు, సరిపడా డబ్బునూ ఇవ్వలేదు. ఆయనకు అందులో దొరికింది భాష. అర్జీల భాష, టెలిగ్రాముల భాష, పై అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడినవాడి భాష. దాని మీదే ఆయన సాహిత్యం నిలబడింది.

నాకెలా తెలుసంటారా? నేను ముప్పై రెండేళ్ళు ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయి బుకారెస్ట్‌లో స్థిరపడింది. వెళ్ళినప్పుడల్లా నెలలు నెలలు ఉండడం, మనవరాలికి హోంవర్క్ చేయించడం. అలా దాని పాఠ్యపుస్తకాల్లోంచే నాకు రొమేనియన్ వచ్చింది. "గోయె గారు" అనే కరజ్యాలె కథ అక్కడి బడిపిల్లలందరూ చదువుతారు, అది చదివి నేను పడీపడీ నవ్వాను. అప్పటినుంచి ఆయన స్కెచ్‌లు ఒక్కొక్కటే తెలుగులోకి తిప్పుకుంటున్నాను. పండితుణ్ణి కాను, కానీ ఈ మనిషితో పదేళ్ళ సావాసం.

ఇక ఆయన సంగతి.

1852లో హైమనాలె అనే పల్లెలో పుట్టాడు. ఇప్పుడా ఊరికి ఆయన పేరే పెట్టారు. తండ్రి లూకా వకీలు, కొన్నాళ్ళు న్యాయస్థానాల్లోనూ పనిచేశాడు. బాబాయిలు కొస్తాకె, యోర్గు ఇద్దరూ నాటకాలవాళ్ళు. అంటే ఇంట్లో ఒకవైపు కోర్టు, ఒకవైపు స్టేజీ. చదువంతా ప్లొయెష్ట్ పట్టణంలో. తర్వాత బుకారెస్ట్‌లో బాబాయి దగ్గరే అభినయం, వాచికం నేర్చుకున్నాడు. 1870లో కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాగా చేరాడు, అదే మొదటి నౌకరీ. ఆ ఏడాదే తండ్రి పోయాడు. తల్లీ, చెల్లెలూ ఆయన మీద పడ్డారు. నేషనల్ థియేటర్‌లో ప్రాంప్టర్‌గానూ చేశాడు. తెర వెనక నిలబడి నటులకు డైలాగులు అందించే పని.

అదే 1870 ఆగస్టులో ఒక తమాషా జరిగింది. ప్లొయెష్ట్‌లో కొందరు లిబరల్ నాయకులు రాజును దించేశామని చెప్పి రిపబ్లిక్ ప్రకటించారు. ఆ రిపబ్లిక్ ఒక్క రోజు కూడా పూర్తిగా బతకలేదు. పద్దెనిమిదేళ్ళ కరజ్యాలె ఆ గుంపులో ఉన్నాడు. ఒక పోలీసు సబ్ కమిషనర్ కత్తి లాక్కుని, ఆ హోదాలో తానే కూర్చున్నానని తర్వాత రాసుకున్నాడు. ఒక రకంగా అది కూడా సర్కారు కొలువే, కాకపోతే సర్కారు సాయంత్రానికే పోయింది! ఆ తిరుగుబాటు నాయకుడు కందియానొ పొపెస్కు తర్వాతి కాలంలో అదే రాజుకు అంగరక్షక అధికారి అయ్యాడు. పాతికేళ్ళ తర్వాత కరజ్యాలె ఈ ఉదంతాన్నంతా ఒక స్కెచ్‌గా రాశాడు. ఆయన ఏ పార్టీనీ మనస్ఫూర్తిగా నమ్మలేకపోవడానికి విత్తనం అక్కడే పడిందని నా అనుమానం.

తర్వాత పత్రికలు. ప్రూఫులు దిద్దాడు, వ్యంగ్యం రాశాడు. 1878 నుంచి 'తింపుల్' అనే కన్జర్వేటివ్ పత్రికలో మూడేళ్ళు పనిచేశాడు. పక్క కుర్చీల్లో ఎవరున్నారో చూడండి: రొమేనియన్ మహాకవి ఎమినెస్కు, కథకుడు స్లావిచ్. ఆ ఎమినెస్కు కూడా అంతకుముందు లైబ్రరీ అధికారిగా, స్కూలు ఇన్‌స్పెక్టరుగా చేసి, 1876లో ప్రభుత్వం మారగానే ఇంటికి పంపబడ్డవాడే.

ఇక్కడ ఒక మాట తప్పక గుర్తుంచుకోవాలి. ఆనాటి రొమేనియా ఉద్యోగం మన ఉద్యోగం లాంటిది కాదు. మనకు సర్వీస్ రూల్స్ ఉన్నాయి, సీనియారిటీ లిస్టు ఉంది, ఎవరైనా తీసేస్తే కోర్టుకు పోవచ్చు. అక్కడ లిబరల్స్ వస్తే లిబరల్స్ మనుషులు, కన్జర్వేటివ్‌లు వస్తే వాళ్ళ మనుషులు. మంత్రి మారితే కింద గుమాస్తా దాకా మారేవాడు. అందుకే కరజ్యాలె పాత్రలన్నిటికీ ఒకటే టెన్షన్: రేపు పొద్దున ఎవరి ప్రభుత్వం? "ఆయన ఉద్యోగం చేస్తూ రాశాడు కదా, నేనూ రాస్తా" అని మీరు పోల్చుకుంటే ఈ తేడా దగ్గర పోలిక తెగిపోతుంది. మీది ఆయనకు కలలో కూడా దొరకని భద్రత.

సరే, 1881. విద్యాశాఖ ఆయన్ని న్యాంత్స్, సుచావా జిల్లాలకు స్కూలు ఇన్‌స్పెక్టరుగా వేసింది. మరుసటి ఏడాది ఆర్జెష్, వల్చా జిల్లాలకు బదిలీ. బడులు తనిఖీ చేయడం, పంతుళ్ళ ఫిర్యాదులు వినడం, రిపోర్టులు పంపడం. 1884 నాటికి ఆ ఉద్యోగం పోయింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. పొగాకు, ఉప్పు లాంటివాటి మీద సర్కారు గుత్తాధిపత్యం నడిపే శాఖ ఒకటుండేది. అందులో గుమాస్తాగా చేరాడు. అదే ఏడాది నవంబరులో ఆయన పేరు చిరస్థాయిగా నిలబెట్టిన నాటకం తెర మీదికొచ్చింది: 'ఓ స్క్రిసొవారె ప్యెర్దుతా', అంటే 'పోయిన ఉత్తరం'.

ఈ నాటకం మొదటి పేజీలో రంగస్థలం ఎక్కడో ఇలా ఉంటుంది: ఒక కొండప్రాంతపు జిల్లా ముఖ్యపట్టణం, మన రోజుల్లోనే. ఆయన ఇన్‌స్పెక్టరుగా తిరిగినవి సరిగ్గా అలాంటి కొండ జిల్లాలే. అది ఫలానా ఊరే అని నేననను. కానీ జిల్లా కేంద్రంలో ఎన్నికలప్పుడు కలెక్టరు స్థాయి అధికారి ఏం చేస్తాడు, పోలీసు ఏం చేస్తాడు, పంతులు ఏం చేస్తాడు అనేది బుకారెస్ట్ కాఫీ హోటల్లో కూర్చున్నవాడికి అంత వివరంగా తెలియదు. ఉద్యోగం ఆయనకు చేసిన మేలు ఇదీ.

కథ చిన్నదే. జిల్లాను ఏలే ప్రిఫెక్టు తిపటెస్కు, తన పార్టీ పెద్దమనిషి భార్యకు రాసిన ప్రేమలేఖ పోతుంది. అది ప్రతిపక్షపు వకీలు కత్సవెంకు చేతిలో పడుతుంది. నాకు టికెట్ ఇప్పిస్తారా, పేపర్లో వేయనా అని బెదిరిస్తాడు. ఇంతా చేసి చివరికి టికెట్ అతనికి రాదు. రాజధాని నుంచి ఒక ముసలి అయోమయప్పిండాన్ని పంపుతారు, గెలిచేది అతనే. అతనూ ఇంకెవరిదో ఉత్తరం పట్టుకుని బెదిరించే టికెట్ సంపాదించాడు. కాకపోతే కత్సవెంకు పని అయ్యాక తిరిగిచ్చేవాడు, ఇతను ఇవ్వడు, "మళ్ళీ పనికొస్తుంది" అని దాచుకుంటాడు. మధ్యలో ఒక తాగుబోతు ఓటరు తిరుగుతూ అందర్నీ ఒకటే అడుగుతాడు: "నేనెవరికి ఓటెయ్యాలి?"

నాకు మటుకు ఈ నాటకంలో ప్రాణం పోలీసు ప్రిస్తాండా. ఊరంతా నలభై నాలుగు జెండాలు పెట్టమని డబ్బిచ్చారు. ఎన్ని పెట్టావయ్యా అంటే "నలభై నాలుగూ పెట్టానండీ" అని ఒక్కొక్క చోటూ లెక్క చెప్పడం మొదలుపెడతాడు. ఎంత లాగినా లెక్క దగ్గరికి కూడా రాదు. ట్రెజరీలో ముప్పై రెండేళ్ళు బిల్లులు చూసినవాణ్ణి, ఈ సీను మొదటిసారి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. పందిళ్ళ బిల్లు, పూలదండల బిల్లు, "ఇతర ఖర్చులు". మా ఆఫీసుకు వచ్చిన ప్రిస్తాండాలు ఎంతమందో!

అనువాదం చేస్తున్నప్పుడు అతను నాకు రెండు బహుమతులిచ్చాడు. ఒకటి, జీతం చాలదని ఏడుస్తూ వాడే మాట. సరైన మాట 'రెమునెరాత్సియె', అతను 'రెనుమెరాత్సియె' అంటాడు. తెలుగులో దీనికి ఏం వెయ్యాలా అని నేను తలపట్టుకోనక్కర లేకపోయింది. మనవాళ్ళలో సగం మంది రెమ్యునరేషన్‌ను 'రెన్యుమరేషన్' అనే అంటారు! అదే తప్పు, అదే అక్షరాల తారుమారు, వంద సంవత్సరాలకు పైబడిన తేడాతో. రెండోది ఇంకా బాగుంది. ప్రిఫెక్టు ఏ తిట్టు తిట్టినా ప్రిస్తాండా ముందు 'కురాత్' అనే మాట తగిలించి వంత పాడతాడు. ఆ మాటకు అసలర్థం శుభ్రం. వాడుకలో 'అచ్చంగా' అని. ప్రిఫెక్టు "మురికి వెధవ" అంటే ఇతను 'కురాత్ ముర్దార్' అంటాడు, అంటే శుభ్రమైన మురికి. ఇంగ్లీషు అనువాదాల్లో ఇది చప్పబడిపోతుంది. తెలుగులో మనం "శుభ్రంగా మోసపోయాం" అంటాం కదా? "శుభ్రంగా మురికేనండీ!" అని వేశాను. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. నా అనువాదానికి వచ్చిన ఏకైక సమీక్ష అది.

రాజ్యాంగ సవరణ మీద ఫర్ఫురీది అనే వకీలు ఉపన్యాసం కూడా చూడండి: "రెండే దారులు. సవరించండి, ఒప్పుకుంటాను, కానీ ఏమీ మారకూడదు! లేదా సవరించకండి, ఒప్పుకుంటాను, కానీ అక్కడక్కడా మారాలి, అదీ ముఖ్యమైన చోట్ల!" ఇలాంటి నోట్ ఫైల్ మీరు ఈ రెండేళ్ళలో ఒక్కటైనా చూసే ఉంటారు.

ఇంత రాసినా బతుకు కుదుటపడలేదు. 1885లో వేసిన తర్వాతి హాస్య నాటకాన్ని ప్రేక్షకులు ఈలలు వేసి గోల చేశారు. విమర్శకుడు మయొరెస్కు ఆయన పక్షాన వ్యాసం రాశాడు. 1888లో ఏకంగా నేషనల్ థియేటర్‌కు డైరెక్టరుగా వేశారు. ఒకప్పుడు తెర వెనక ప్రాంప్టింగ్ చేసిన థియేటరే. పెద్ద చదువు లేనివాడికి ఈ పదవేమిటని గొణుగుడు మొదలైంది, పేరున్న నటులు కొందరు ఎదురు తిరిగారు. ఒక సీజన్ నడిపి 1889లో రాజీనామా చేశాడు. 1891లో రొమేనియన్ అకాడమీ ఆయనకు బహుమతి ఇవ్వడానికి నిరాకరించింది. లిబరల్ నాయకుడు స్తూర్ద్జా లేచి ఈయన రచనల్లో నీతి లేదు, జాతీయత లేదు అని ఉపన్యాసమిచ్చాడు. ఈ స్తూర్ద్జా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

1893లో ఆయన బీరు హోటల్ పెట్టాడు. తర్వాత బుజౌ రైల్వే స్టేషన్‌లో రెస్టారెంటు తీసుకున్నాడు. దీన్ని పతనం అనుకోకండి. ఆయన మిత్రుడు, ఆ దేశంలో పేరుమోసిన సోషలిస్టు విమర్శకుడు గెర్యా కూడా ప్లొయెష్ట్ స్టేషన్‌లో రెస్టారెంటే నడిపేవాడు. ఒక సాహిత్య చరిత్రలో రెండు రైల్వే క్యాంటీన్లు! వ్యాపారంలో మాత్రం కరజ్యాలెకు కలిసిరాలేదు.

ఇప్పుడు మీకు అసలు పనికొచ్చే భాగం. 1899లో మళ్ళీ అదే గుత్తాధిపత్య శాఖలో ఉద్యోగం దొరికింది. దాదాపు రెండేళ్ళు చేశాడు. ఆయన అత్యుత్తమ చిన్న స్కెచ్‌లు చాలావరకు సరిగ్గా ఈ రెండేళ్ళలోనివే. 1901లో 'మొమెంతె' అనే పుస్తకంగా వచ్చాయి. మీ మిత్రుడు ఇది చూసే అలా అని ఉంటాడు: ఇదుగో, ఆఫీసుకు పోతూ రాశాడు! నిజమే. కానీ అప్పుడే 'ఉనివెర్సుల్' అనే దినపత్రిక ఆయనతో కాలమ్ రాయిస్తోంది. గడువు తరుముతోంది, స్థలం కొలిచి ఇస్తున్నారు. అందుకే ఆ స్కెచ్‌లు రెండు మూడు పేజీలు దాటవు. ఆయన చేత రాయించింది పత్రిక గడువు, ఆయనకు సరుకిచ్చింది ఆఫీసు. నా లెక్క ఇది. కాదనేవాళ్ళు ఉండొచ్చు.

ఆ సరుకు చూడండి. ఒక స్కెచ్ మొత్తం తపాలు సెక్షన్‌లో నడుస్తుంది. మండుటెండలో ఒకాయన వస్తాడు. మంచినీళ్ళు అడుగుతాడు, కూర్చుంటాడు, చెమట తుడుచుకుంటాడు, కబుర్లు పెడతాడు. గుమాస్తా ప్రాణం విసిగిపోయాక మెల్లగా తన అర్జీ ఏమైందని అడుగుతాడు. ఏ అర్జీ? చివరికి తేలేదేమిటంటే, ఆయన రావలసిన ఆఫీసే అది కాదు.

ఇంకొకటి టెలిగ్రాములతోనే నడిచే కథ. ఒక చిన్న పట్టణంలో కాఫీ హోటల్లో చెంపదెబ్బల గొడవ. ఇరుపక్షాలూ ప్రధానమంత్రికి, మంత్రులకి టెలిగ్రాములు గుప్పిస్తారు. మాటకింత అని డబ్బు కాబట్టి విభక్తులన్నీ ఎగిరిపోతాయి: "డైరెక్టరు నన్ను తల్లి దేవుడు తిట్టె సెంట్రల్ హోటలు చెంపలు" అనే ధోరణి. దేశం అట్టుడికిపోయినట్టు నడిచి, ఆఖరికి అందరూ నడివీధిలో ముద్దులు పెట్టుకున్నారన్న టెలిగ్రాముతో ముగుస్తుంది.

నవ్వించనిది కూడా ఒకటుంది, 'తనిఖీ'. ఆంగెలాకె అనే నిజాయితీపరుడైన క్యాషియర్. ఏళ్ళుగా ఎవరూ తనిఖీ చేయలేదు. ఎక్కడో క్యాషియర్ డబ్బు కాజేశాడన్న వార్త చూసి, స్నేహితులు నీక్కూడా తనిఖీ వస్తుందిలే అని మాట్లాడతారు. ఆయన మనసు చెదిరిపోతుంది. తనిఖీ జరగకముందే ప్రాణం తీసుకుంటాడు. డబ్బు లెక్క చూస్తే పైసా తక్కువ లేదు. నేను సబ్ ట్రెజరీలో ఉన్నప్పుడు ఒక పొద్దున చెప్పాపెట్టకుండా స్ట్రాంగ్ రూమ్ తనిఖీకి వచ్చారు. స్టాంపులన్నీ సరిగ్గానే ఉన్నాయని నాకు తెలుసు, ముందురోజు నేనే లెక్కపెట్టాను. అయినా తాళం తీస్తుంటే చెయ్యి వణికింది. పాతికేళ్ళ తర్వాత ఆ కథ చదివినప్పుడు అదే వణుకు మళ్ళీ వచ్చింది. బయటివాళ్ళకు ఆ కథ వింతగా ఉంటుంది. మనకు ఉండదు.

1901లో లిబరల్స్ వచ్చారు. ప్రధానమంత్రి స్తూర్ద్జా, పదేళ్ళ కిందట అకాడమీలో బహుమతికి అడ్డం పడిన ఆయనే. బడ్జెట్ పొదుపు పేరుతో పోస్టులు రద్దు చేశారు, అందులో కరజ్యాలె పోస్టూ పోయింది. మళ్ళీ బీరు హోటల్. దాని వెనకే ఇంకో దెబ్బ. కయోన్ అనే కుర్ర రచయిత ఒకడు, ఆయన నాటకం ఒక హంగేరియన్ నాటకానికి కాపీ అని పత్రికకెక్కాడు. ఆ హంగేరియన్ రచయితా లేడు, ఆ నాటకమూ లేదు, అంతా కల్పన. కోర్టులో కరజ్యాలె తరఫున రచయిత, వకీలు అయిన దెలవ్రాంచ్యా వాదించాడు. కింది కోర్టు కయోన్‌కు శిక్ష వేసింది, పైకోర్టు వదిలేసింది.

మనసు విరిగింది. బంధువు ఒకావిడ ఆస్తిలో వాటా చేతికి రావడంతో కుటుంబాన్ని తీసుకుని బెర్లిన్ వెళ్ళిపోయాడు. 1907లో రొమేనియాలో రైతుల తిరుగుబాటును సైన్యం రక్తంలో ముంచినప్పుడు, అక్కడినుంచే ఒక వ్యాసం రాశాడు. మొదటి భాగం వియన్నా పత్రికలో "ఒక రొమేనియన్ దేశభక్తుడు" అనే సంతకంతో వచ్చింది. భూస్వాముల్ని, పార్టీల్ని, ఉద్యోగుల యంత్రాంగాన్ని పేరుపేరునా ఎండగట్టాడు. గుమాస్తా కుర్చీలో ఉండగా ఆయన అలాంటిది రాయలేదు. కాండక్ట్ రూల్స్ కింద బతుకుతున్న మీకు దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు. 1912లో అరవయ్యేళ్ళ సందర్భంగా రచయితల సంఘం సన్మానం చేస్తాం, చందాలు వసూలు చేసి ఇస్తాం అంటే వద్దన్నాడు. ఆ జూన్‌లోనే బెర్లిన్‌లో పోయాడు.

ఇంకో పిట్టకథ. పెళ్ళికి ముందు పుట్టిన పెద్దకొడుకు మతేయుకు, తండ్రికి ఎప్పుడూ పడేది కాదు. ఆ కొడుకు మంత్రిత్వ శాఖలో పదవి కోసం తెగ తాపత్రయపడి సంపాదించాడు, తర్వాత రొమేనియన్‌లో గొప్ప నవలల్లో ఒకటిగా చెప్పుకునేది రాశాడు. కొలువు అంటే తండ్రికి నవ్వులాట, కొడుక్కి హోదా.

ఇక మీ సంగతి. నేనూ సర్వీసులో ఉన్నన్నాళ్ళూ రాయాలనుకుని రాయలేదు. టైము లేదనేవాణ్ణి. నిజానికి సాయంత్రాలు బోలెడుండేవి, గడువు పెట్టేవాళ్ళే లేరు. ఉద్యోగం మానేయాలా అని మీరు అడగలేదు గానీ ప్రశ్న వెనకాల అది వినిపిస్తోంది. కరజ్యాలె జీవితం చూపించి మానేయమని నేను చెప్పను. ఉద్యోగం పోయిన ప్రతిసారీ ఆయన రాసింది పెరగలేదు, అప్పు పెరిగింది. మీ దగ్గరికి వచ్చే అర్జీల్లో వాక్యాలు ఎలా ఉంటాయో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పేర్లు, ఊర్లు, ఫైల్ నంబర్లు మాత్రం వద్దు. ఏదైనా చిన్న పత్రికకు నెలకొకటి ఇస్తానని మాటివ్వండి.

చదవడానికి 'పోయిన ఉత్తరం'తో మొదలుపెట్టకండి. పేర్లు ఎక్కువ, గందరగోళపడతారు. ముందు అర్జీ కథ, టెలిగ్రాముల కథ, ఆ తర్వాత 'రెండు లాటరీ టికెట్లు'. ఈ మూడోది మన ఉద్యోగులందరికీ. లెఫ్తెర్ పొపెస్కు అనే గుమాస్తాకు రెండు లాటరీలూ తగులుతాయి. ఇంకేం, పై అధికారి దగ్గరికి పోయి రాజీనామా పడేసి, డబ్బు తెచ్చుకోవడానికి వెళ్తాడు. బ్యాంకు అతను టికెట్లు చూసి, నంబర్లు కరెక్టే గానీ అటుది ఇటు, ఇటుది అటు తగిలాయంటాడు.

అన్నట్టు, నిరుడు బుకారెస్ట్‌లో కూరగాయలు కొని చిల్లర తీసుకుంటుంటే చేతికి వంద లెయిల నోటు వచ్చింది. దాని మీద బొమ్మ కరజ్యాలెదే.